రుద్రమదేవి: కూతురా, భార్యా?

కాకతీయ పాలకురాలు రుద్రమదేవి (1262–1289) తనకు ముందు పాలించిన గణపతిదేవునికి ఏమవుతుందన్న విషయంలో చాలాకాలం భిన్నాభిప్రాయాలుండేవి. కాకతీయ రాజ్యాన్ని మోటుపల్లి రాజ్యంగా వర్ణించిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో, రాజు మరణించాక ఆయన రాణి సుమారు 40 ఏళ్లుగా న్యాయంగా పాలిస్తోందని రాశాడు. ఆ మాట పట్టుకుని ఆమెను గణపతిదేవుని భార్యగా భావించినవారున్నారు. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజుగా, అంటే పురుషనామంతో కనిపించడం గందరగోళాన్ని ఇంకా పెంచింది.

గుంటూరు జిల్లా మల్కాపురం శాసనం (1261) దీనికి స్పష్టమైన జవాబు. శైవ గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి గణపతిదేవుడు మందడం గ్రామాన్నీ, ఆయన కుమార్తె రుద్రమదేవి తండ్రి అనుమతితో వెలగపూడినీ దానం చేశారు. ఆమె జీవించి ఉండగా చెక్కిన ఈ రాతి సాక్ష్యం, పరదేశి విని రాసిన కథనం కన్నా నిస్సందేహంగా బలమైనది. మగసంతానం లేని గణపతిదేవుడు ఆమెను కొడుకులా పెంచి పట్టం కట్టాడు కనుకనే ఆ పురుషనామం.

నిజానికి ఆమె భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. సోదరి గణపాంబ కోట వంశపు బేతరాజు భార్య. కుమార్తె ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు వారసుడయ్యాడు. రుద్రమ మరణాన్ని తెలిపేది నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం (1289).