కేబుల్ పట్టుకుంటే తెలిసిపోతుంది

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా, మీ ఊళ్లో బస్టాండ్ పక్కనున్న కంప్యూటర్ షాపులోనైనా హార్డ్‌వేర్ పని అడగడానికి వెళ్తే సర్టిఫికెట్ చూసేది తర్వాత. ముందు బల్ల మీద మూత తీసిన క్యాబినెట్ పెట్టి, ఎస్ఎంపీఎస్ కేబుళ్ల కట్ట చేతికిచ్చి, "తగిలించి ఆన్ చెయ్యి బాబూ" అంటారు. ఏళ్లుగా సర్వీస్ బెంచ్ దగ్గర కొత్తగా వచ్చే అబ్బాయిల్నీ అమ్మాయిల్నీ చూస్తున్నాను. రెండు నిమిషాల్లో తేలిపోతుంది. పని రానివాళ్లు ఏ సాకెట్‌లో ఏది పడుతుందా అని తడుముతారు. వచ్చినవాళ్లు ముందు తీగల రంగులు చూస్తారు.

పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3, నలుపు గ్రౌండ్. ఊదా తీగలో సిస్టమ్ ఆపేసినా 5 వోల్టులు వస్తూనే ఉంటాయి. ఆకుపచ్చ తీగని నలుపుతో కలిపితే మదర్‌బోర్డు లేకుండానే ఎస్ఎంపీఎస్ ఆన్ అవుతుంది. అప్పుడు మల్టీమీటర్ పెడితే పసుపు మీద 11.4 నుంచి 12.6, ఎరుపు మీద 4.75 నుంచి 5.25 మధ్య చూపించాలి. ఈ అంకెలు నోటికి వచ్చి ఉండాలి. ఈమధ్య చాలా ఎస్ఎంపీఎస్‌లకు తీగలన్నీ నలుపే వస్తున్నాయి కాబట్టి పిన్‌ల స్థానాలూ తెలియాలి. 24 పిన్‌ల కనెక్టర్‌లో ఆ ఆకుపచ్చది 16వ పిన్.

24 పిన్‌లది తగిలించడంలో పొరపాటు పడేవాళ్లు తక్కువ. ప్రాసెసర్‌కి విడిగా వెళ్లే 4 లేదా 8 పిన్‌లదే మర్చిపోతుంటారు. ఫ్యాన్లు తిరుగుతాయి, లైటు వెలుగుతుంది, డిస్‌ప్లే మాత్రం రాదు. ర్యామ్ పోయిందేమోనని దాన్ని నాలుగుసార్లు తీసి పెట్టే ముందు ఈ కనెక్టర్ వైపు ఒకసారి చూడండి.

నేను ఇంటర్వ్యూలో తప్పకుండా అడిగేది ఒకటుంది: రెండు 8 పిన్‌ల కనెక్టర్లు చేతిలో పెట్టి, ఏది ప్రాసెసర్‌ది, ఏది గ్రాఫిక్స్ కార్డుది అని. చూపుకి కవలల్లా ఉంటాయి. ప్రాసెసర్‌ది నాలుగూ నాలుగుగా విడుతుంది, కార్డుది ఆరూ రెండుగా. అంతకంటే ముఖ్యం, క్లిప్ ఉన్న వైపు ప్రాసెసర్ కనెక్టర్‌లో 12 వోల్టుల తీగలుంటే, కార్డు కనెక్టర్‌లో అదే వైపు గ్రౌండ్ ఉంటుంది. పూర్తిగా తలకిందులు. ప్లాస్టిక్ గళ్ల ఆకారం వేరుగా చేసింది ఒకదాన్ని ఇంకోదాంట్లో పెట్టకుండా ఉండటానికే. ఎక్కట్లేదంటే బలం ఉపయోగించకండి, చెయ్యి వెనక్కి తీసుకోండి.

ఆకారం కూడా కాపాడని చోటు ఒకటుంది. మాడ్యులర్ ఎస్ఎంపీఎస్‌లకు కేబుళ్లు రెండు వైపులా ఊడి వస్తాయి. హార్డ్ డిస్క్ వైపు కొస అందరిదీ ఒకటే, ఎస్ఎంపీఎస్ వైపు కొసకి మాత్రం ఉమ్మడి ప్రమాణం లేదు. ఏ తీగ ఎక్కడ పెట్టాలో ఒక్కో కంపెనీ ఒక్కోలా నిర్ణయించుకుంటుంది. ఒకే కంపెనీలో రెండు మోడళ్లకే తేడా ఉండొచ్చు. నా బెంచ్ మీద ఒక కుర్రాడు కొత్త ఎస్ఎంపీఎస్ బిగించి, పాత కేబుళ్లు చక్కగా కట్టి ఉన్నాయని వాటినే తగిలించాడు. 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్లాయి. అది ఒక ఫొటో స్టూడియో వాళ్ల డిస్క్, అందులో మూడు పెళ్లిళ్ల ఫొటోలున్నాయి. ముందే చెప్పనందుకు ఆ తప్పు నాదనే ఇప్పటికీ అనుకుంటాను. అప్పటినుంచి కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజే చెబుతున్నాను: ఎస్ఎంపీఎస్ మారిస్తే కేబుళ్లన్నీ మార్చాలి.

గ్రాఫిక్స్ కార్డుకి లెక్క కట్టడం సులువే. స్లాట్ నుంచి 75 వాట్లు, 6 పిన్‌ల నుంచి 75, 8 పిన్‌ల నుంచి 150. కొత్తగా వచ్చిన 16 పిన్‌లది ఒక్కటే 600 వాట్ల దాకా మోస్తుంది. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డులు వచ్చాక ఆ కనెక్టర్లు కరిగిపోయిన ఫిర్యాదులు వచ్చాయి. పూర్తిగా లోపలికి దిగకపోవడం అందుకు ఒక కారణంగా తేలింది. తర్వాత పిన్‌ల పొడవు సవరించారు. అయినా సందు కనిపించకుండా నొక్కడం, కనెక్టర్ దగ్గరే తీగ వంచకపోవడం మన చేతిలో పని. ఎం.2 ఎస్ఎస్‌డీకి పవర్ కేబులే అక్కర్లేదు, స్లాట్ నుంచే 3.3 వోల్టులు అందుతాయి.

పదో తరగతి తర్వాత ఐటీఐలో కంప్యూటర్ హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్ ట్రేడ్ ఉంది. కార్పొరేట్ డెస్క్‌టాప్ సపోర్టు వైపు వెళ్లాలనుకుంటే కాంప్‌టియా ఏ ప్లస్ పరీక్షలో పవర్ కనెక్టర్ల గురించీ ఉంటుంది. ఏది చదివినా చెయ్యి తిరగాలి కదా! పాత సామాను కొట్టులో ఒక పాత ఎస్ఎంపీఎస్, పాడైన మదర్‌బోర్డు తెచ్చుకుని తగిలించి తీస్తూ ఉండండి. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. వెనక ఎర్ర స్విచ్ ఉంటే 230 మీద ఉందో లేదో చూశాకే కరెంటు ఇవ్వండి. 115 మీద ఉంటే పేలుతుంది.

ఫీల్డ్ ఇంజినీర్‌గా బ్యాంకులకీ ఆఫీసులకీ వెళ్లినప్పుడు బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో 24 పిన్‌ల బదులు 6, 8, 10 పిన్‌ల సొంత కనెక్టర్లు ఎదురవుతాయి. అక్కడ తెలిసినట్టు నటించకండి. విప్పే ముందు ఫొటో తీసుకోండి, లేబుల్ మీది పార్ట్ నంబర్ రాసుకోండి, అదే తెప్పించి బిగిస్తానని చెప్పండి. ఏదో ఒక కన్వర్టర్ పెట్టి ఈ పూటకి నడిపించమని మేనేజర్ గారు అడిగినా సరే.