తీగల మీద చేయి, మైకు దగ్గర పెదవి

మన భజనల్లో ఎలక్ట్రిక్ గిటార్, మాండొలిన్ వాయించే పిల్లలు పెరిగారు, సంతోషం. అయితే వాద్యం ఆంప్లిఫయరుకో మైకు సెట్టుకో ఎర్త్ లేక, లోపల లీకేజీ ఉంటే, చేయి తీగల మీద ఉండగా పెదవి మైకుకు తగిలిందా, కరెంటు ఒంట్లోంచే పోతుంది. 1972లో స్వాన్సీ వేదికపై గిటారిస్టు లెస్ హార్వే మైకు ముట్టుకుని షాక్‌తోనే మరణించారు.

గుయ్యిమనే శబ్దం పోవాలని ప్లగ్గులో ఎర్త్ వైరు తీసేయడం మేమూ చూశాం. ఎన్నడూ వద్దు! రెండింటినీ ఒకే సాకెట్ బోర్డుకు పెడితే ఆ గోల చాలావరకు తగ్గుతుంది. అభిషేకం తర్వాత తడి నేల మీద వట్టి కాళ్లతో ఉంటాం గనుక 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీడీ తప్పనిసరి. తీగ జివ్వుమంటే వాయించడం ఆపండి. ఎవరికైనా షాక్ కొడితే వారిని ముట్టుకోకుండా ముందు మెయిన్ కట్టేయండి.