టంకశాల తప్పా, మంట చేసిన మాయా? నాణెం చెప్పే ఆధారాలు

బస్తర్ ఆదివాసీ మహిళల ఆభరణాల్లో రూపాయి నాణేల హారానికి ప్రత్యేక స్థానం ఉంది. నాణేనికి చిల్లు వేసి గానీ, కొక్కెం అతికించి గానీ దారానికి గుచ్చుతారు. చెమట, పొయ్యి పొగ, చింతపండుతో తోమడం వంటివి ఏళ్ల తరబడి ఆ నాణేల మీద తమ గుర్తులు వదులుతాయి. అలా రంగు మారిన నాణేన్ని చూసి, టంకశాలలో పొరపాటున తయారైన అరుదైన నాణెం అనుకునే వారున్నారు. ఈ ఆశే మోసగాళ్లకు పెట్టుబడి. పాత నాణేలు కొంటామంటూ తమ పేరుతో రుసుములు, పన్నులు అడిగేవారిని నమ్మవద్దని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. అసలు తప్పు ముద్రను గుర్తించడం ఎలా?

నాణెం ఎలా తయారవుతుంది?

లోహపు రేకు నుంచి గుండ్రని బిళ్ళలు కత్తిరిస్తారు. వాటి అంచును కొద్దిగా పైకి లేపుతారు. తర్వాత బిళ్ళను కాలర్ అనే ఉక్కు వలయంలో ఉంచి, పైనుంచి, కిందనుంచి రెండు అచ్చులతో ఒక్కసారిగా నొక్కుతారు. అసలైన తప్పు ఈ మూడు దశల్లో ఎక్కడో ఒకచోట జరిగి ఉండాలి. టంకశాల దాటాక జరిగినదేదైనా కేవలం నష్టమే.

నిజమైన తప్పుల ఆనవాళ్లు

పక్కకు జరిగిన ముద్ర: బిళ్ళ కాలర్‌లో సరిగా కూర్చోకపోతే బొమ్మ ఒక పక్కకు పోతుంది. మిగిలిన భాగం ఖాళీగా ఉంటుంది. అడ్డుకునే వలయం లేనందున లోహం బయటికి పరచుకుంటుంది.

కోత పడిన బిళ్ళ: రేకులో అప్పటికే కత్తిరించిన చోటు మీద యంత్రం మళ్లీ పడితే అంచులో చంద్రవంక లాంటి కోత ఏర్పడుతుంది. ఇలాంటి నాణేనికి సాధారణంగా కోతకు సరిగ్గా ఎదుటి అంచు కూడా పలచగా ఉంటుంది. అంచు లేపే యంత్రంలో కోత ఉన్నచోట ఒత్తిడి అందకపోవడమే కారణం. ఆకురాయితో అరగదీసిన నాణెంలో ఎదుటి అంచు నిండుగా ఉంటుంది, కోత మీద గీతలు కనిపిస్తాయి.

మసక ముద్ర: అచ్చులో గ్రీజు చేరితే అక్షరాలు సరిగా పడవు. అయినా బరువు తగ్గదు. ఆమ్లంలో వేసిన లేదా అరగదీసిన నాణెం బరువు తగ్గుతుంది.

రంగు ఎందుకు మారుతుంది?

స్టెయిన్‌లెస్ స్టీల్ రూపాయిని నిప్పులో వేస్తే పైన పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. పొర మందాన్ని బట్టి కాంతి తరంగాలు కలిసి పసుపు, ఊదా, నీలం రంగులు కనిపిస్తాయి. అది బంగారమూ కాదు, వేరే లోహమూ కాదు.

ఇత్తడి రంగు 5 రూపాయల నాణెంలో రాగి, జింకు, నికెల్ ఉంటాయి. ఆమ్లం తగిలితే జింకు ముందుగా కరిగిపోతుంది. ఉపరితలంలో రాగి మిగిలి నాణెం ఎర్రబడుతుంది.

1939 దాకా వచ్చిన బ్రిటిష్ కాలపు రూపాయిలో దాదాపు 92 శాతం వెండి ఉండేది. గాలిలోని గంధక సమ్మేళనాల వల్ల దాని మీద నల్లని సిల్వర్ సల్ఫైడ్ చేరుతుంది. ఇది సహజమైన పొర. తోమితే ముద్ర అరిగి, సేకరణదారుల దృష్టిలో విలువ పడిపోతుంది.

ఇంట్లో చేయగల పరీక్షలు

మొదట తూకం. నగల దుకాణంలోని తూకం చాలు. వెండి రూపాయి 11.66 గ్రాములు, 10 రూపాయల నాణెం 7.71 గ్రాములు ఉండాలి. అరుగుదల వల్ల కొద్దిపాటి తేడా మామూలే.

తర్వాత అయస్కాంతం. వెండి రూపాయి దానికి అంటదు. 1947 నాటి నికెల్ రూపాయి అంటుకుంటుంది. ఇప్పటి స్టీల్ రూపాయి కూడా అంతే. "వేరే లోహం బిళ్ళ మీద పడిన ముద్ర" అని చెప్పే నాణెం బరువు, అయస్కాంత గుణం ఆ వేరే లోహానికి సరిపోవాలి. పూత పూసిన నాణెం పాత లోహంలాగే ప్రవర్తిస్తుంది.

చివరిగా భూతద్దం. వేడి మచ్చ ముద్ర మీదా, ఖాళీ చోటా ఒకేలా పాకుతుంది. పూత అంచు దగ్గర లేచిపోయి లోపలి రంగు బయటపడుతుంది. అతికించిన కొక్కెం చోట కరిగిన లోహపు మచ్చ మిగులుతుంది.

ఇంకో అపోహ సంవత్సరం కింద ఉండే గుర్తు గురించి. హైదరాబాద్ టంకశాలకు నక్షత్రం, ముంబయికి వజ్రం ఆకారం, నోయిడాకు చుక్క ఉంటాయి. కోల్‌కతా నాణేలకు ఏ గుర్తూ ఉండదు. కాబట్టి గుర్తు లేకపోవడం తప్పు ముద్ర కాదు. అలాగే 10 రూపాయల నాణేలు వేర్వేరు రూపాల్లో కనిపించినంత మాత్రాన నకిలీవి కావు. 14 రకాలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లో స్పష్టం చేసింది.

చలామణిలో ఉన్న నాణేలను కరిగించడం, నాశనం చేయడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం. ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. అనుమానం ఉన్న నాణేన్ని తోమకుండా, కాల్చకుండా, బరువు రాసి కాగితపు పొట్లంలో పొడిగా దాచాలి. ముందుగా డబ్బు కట్టమని అడిగేవారికి మాత్రం చూపించనవసరం లేదు.