వాగును ఏడాదంతా చూడండి

ఎల్లారెడ్డి



నువ్వు రాసింది చదివాను బిడ్డా. కామారెడ్డిలో కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరావని, ఇరవై మందితో మంజీర పేరు మీద ఒక జట్టు కట్టారని, మొదట ర్యాలీ తీసి చెరువు కట్ట మీద మొక్కలు నాటుతారని తెలిసింది. ర్యాలీ సంగతి మీ ఇష్టం. మొక్కలు మాత్రం కట్ట మీద నాటకండి. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసినవాణ్ని, ఇది చెప్పకుండా ఉండలేను. మట్టికట్ట మీద చెట్టు పెరిగితే వేరు లోపలికి దిగుతుంది. చెట్టు చచ్చాక ఆ వేరు కుళ్లి బొక్క పడుతుంది, నిండు చెరువుకు ఆ బొక్క చాలు. కట్టకు కావలసింది గడ్డి. వీలైతే అక్కడ మొలిచిన సర్కారు తుమ్మను చిన్నగా ఉన్నప్పుడే పీకించండి. ఫోటోకు అందంగా ఉండదు కానీ అదే అసలు పని.

మంజీర పేరు బాగానే ఉంది. ఆ నది మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ దాటి, సంగారెడ్డి, మెదక్ మీదుగా మన దగ్గరికి వస్తుంది. కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసేసరికి 724 కిలోమీటర్లు. పైన సింగూరు ప్రాజెక్టులో నీళ్లు ఆగితే మనకు కనిపించేది ఇసుకే. ఇరవై మంది పిల్లలు ఆదివారం పూట అంత నదిని ఏం చేస్తారు? నా మాట విని లింగంపేట పెద్దవాగును పట్టుకోండి. అది పోచారం చెరువులో పడుతుంది, పోచారం మత్తడి దూకిన నీళ్లు మంజీరకు పోతాయి. మీ పేరుకు లోటేమీ రాదు.

ఆ వాగే ఎందుకో చెబుతాను. 2025 ఆగస్టు 27, 28 తేదీల వాన నీకు గుర్తుండే ఉంటుంది. కామారెడ్డిలో వాగు పక్క కాలనీలు మునిగాయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. పోచారానికి వచ్చిన వరద దాన్ని కట్టినవాళ్ల లెక్కను ఎప్పుడో దాటిపోయింది. కట్ట పక్కన భూమి కోసుకుపోయినా, 1922లో పూర్తయిన ఆ కట్ట నిలబడింది. ఆ రెండు రోజులూ టీవీల్లో అందరూ పోచారాన్నే చూశారు. పైన వాగుల వెంబడి చిన్న చిన్న కుంటలు, చెరువుల కట్టలు ఏమవుతున్నాయో చూసినవాళ్లు తక్కువ. పెద్ద ప్రాజెక్టుకు ఇంజినీర్లుంటారు, గేజీలుంటాయి. ఊరి కుంటకు ఒకప్పుడు నీరటి ఉండేవాడు. తూము ఎత్తడం, దించడం, కట్ట మీద ఎలుక బొక్క కనబడితే పటేలుకు చెప్పడం అతని పని. ఇప్పుడు చాలా ఊళ్లలో ఆ పని ఎవరిదీ కాదు. మీరు దూరగలిగిన సందు అదే.

మన జిల్లాకు ఇంకో సంగతి ఉంది. చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకం 2015 మార్చి 12న మొదలైంది మన సదాశివనగర్ చెరువులోనే. పూడిక తీశారు, రైతులు ట్రాక్టర్లు పెట్టి ఆ మట్టిని పొలాలకు తోలుకున్నారు. మంచి పనే. అయితే పూడిక ఒక్కసారి తీస్తే తీరేది కాదు, మళ్లీ వస్తూనే ఉంటుంది. 1931లో పూర్తయినప్పుడు 29 టీఎంసీలు దాటి పట్టే నిజాంసాగర్‌కు, తరువాత ఎత్తు పెంచినా ఇవాళ చెప్పుకునేది 17.8. పోచారం 2.4 నుంచి 1.82కు దిగింది. ఆ మట్టంతా చెట్టు పోయిన గుట్టల నుంచి, ఒడ్డు దాకా దున్నిన చేల నుంచి వచ్చిందే. అందుకే అడవి పని వేరు, నీళ్ల పని వేరు అనుకోవద్దు. గాంధారి, లింగంపేట అడవి నిలబడితేనే కింద నీళ్లకు చోటుంటుంది.

మొదటి మూడు నెలలు ఏమీ బాగుచేయకండి. నడవండి. వాగు ఎక్కడ మొదలై ఎక్కడ ఒర్రెలు కలుపుకుంటుందో పై నుంచి కింద దాకా చూడండి. గొర్లు కాసేవాళ్లను అడగండి, చేపలు పట్టే ముదిరాజ్‌లను అడగండి. ఏ మడుగు ఎప్పుడు ఎండుతుందో వాళ్లకు తెలిసినంత నాకు కూడా తెలియదు. చెరువులో గుర్రపుడెక్క తీయాలనుకుంటే ముందు మత్స్యకారుల సంఘానికి చెప్పి దిగండి. చేపల హక్కు వాళ్లది, వలలు వాళ్లవి. చెప్పకుండా దిగితే మంచికి పోయి మాట పడతారు.

చూసింది నోటుబుక్కులో రాయండి. వాగు పారడం ఏ తేదీన ఆగింది, మత్తడి ఏ రోజు దూకింది, ఏ తూము కారుతోంది, కట్ట ఎక్కడ కుంగింది. రెండేళ్లు అలా రాసిన పుస్తకం పట్టుకుని నీటిపారుదల శాఖ ఏఈ దగ్గరికి పోతే ఆయన కుర్చీ వేస్తాడు. ఉత్త ఆవేశంతో పోతే వినతిపత్రం తీసుకుని పంపేస్తాడు. ఆఫీసు లోపల కూర్చున్నవాణ్ని కాబట్టి చెబుతున్నా. ఎన్‌ఎస్‌ఎస్‌లో ఏడాదికి 120 గంటలు కదా, నెలకు పది. ఆ పది గంటలూ ఒకే వాగుకు పెట్టండి. ఏడు రోజుల క్యాంపు కూడా ఆ వాగు పక్క ఊళ్లోనే అడగండి.

ఎండాకాలం అడవిలో నిప్పు సంగతి. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాలుస్తారు, తునికి కొత్త చిగురు వేయాలని పొదలు కాలుస్తారు. ఊరికే తిట్టకండి, తునికాకుతో బీడీలు చుట్టే ఇళ్లు మన చుట్టూ ఎన్ని ఉన్నాయో నీకు తెలుసు. చెట్టు కింద చీపురుతో ఊడ్చినా, పాత చీర పరిచినా పువ్వు దొరుకుతుంది. ఎవరైనా ఒకరు చేసి చూపిస్తే మిగతావాళ్లు వింటారు. చలికాలం చివర ఫారెస్టు వాళ్లు ఫైర్ లైన్లు తీసేటప్పుడు తోడు వెళ్లండి. మంట లేచాక మాత్రం ఫోన్ చేయడమే మీ పని, ఆర్పడానికి ఉరకొద్దు. పక్షులంటే ఇష్టమున్న పిల్లలకు జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన ఉంటుంది, పోచారం చెరువు దానికి మంచి చోటు.

ఇసుక ట్రాక్టర్లకు ఎదురు పోవద్దు. ఇది సలహా కాదు, ఆజ్ఞ అనుకో. ఏ రేవులో, ఏ రాత్రి అన్నది రాసి, ఊరి పెద్దల సంతకాలతో గ్రామసభలో పెట్టించి తహసీల్దారుకు పంపండి. ఆ కాగితం ఒక్కరి పేరు మీద పోకూడదు. వరదప్పుడు కూడా అంతే. తాడు కట్టుకుని దిగడానికి ఎస్‌డీఆర్‌ఎఫ్ దళం ఉంది. వాగు ఒడ్డు ఇళ్లలో ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ఎవరు, మంచం పట్టినవాళ్లు ఎవరు అన్న జాబితా మీ దగ్గర ముందే ఉంటే ఆ దళం వాళ్లకు ఎంతో పనికొస్తుంది.

బతుకమ్మ, వినాయక నిమజ్జనాల తరువాత చెరువు శుభ్రం చేస్తామన్నావు. తంగేడు, గునుగు చెరువుకు చేటు చేయవు, వాటితో వచ్చే ప్లాస్టిక్ కవర్లు, థర్మాకోల్ ఏరండి. విగ్రహాల సంగతి పండగ తరువాత మాట్లాడి లాభం లేదు. మండపం వాళ్లు బయానా ఇవ్వకముందే పోయి మట్టి వినాయకుణ్ని అడగాలి.

పంజాబులో కాలీ బేయీ అని నూట అరవై కిలోమీటర్ల చిన్న నది ఉంది. 2000లో సంత్ సీచేవాల్ ఊళ్లవాళ్లను కూడగట్టి అందులో గుర్రపుడెక్క, పూడిక చేతులతో తీయించారు. ఏళ్ల తరబడి చేశారు, నది పారింది. పట్టణాల మురుగు కాలువలు మాత్రం ఆ తరువాత కూడా తలనొప్పిగానే ఉన్నాయి. పార పట్టి తీసేది మీ పని, మురుగు ఆపేది మున్సిపాలిటీ పని. రెండోదాన్ని కూడా మీరే మోస్తే ఆఫీసులో వాళ్లు హాయిగా ఉంటారు. అక్కడ అడగడమే నేర్చుకోండి.

లింగంపేటలో నాగన్నబావి చూశావా? చెత్తతో పూడిన మెట్లబావిని బయటివాళ్లు వచ్చి తవ్వించి, రాళ్లు సరిచేసి ఇచ్చారు. అందరూ ఆ తవ్వకాన్ని మెచ్చుకుంటారు. నాకైతే దాన్ని తరువాత రోజూ ఊడ్చేవాళ్ల మీదే గౌరవం. వాళ్లకు శిలాఫలకం ఉండదు. మీ జట్టులో ఎవరికి ఏ పని నచ్చుతుందో ఆ బావి దగ్గర ఒక పూట కూర్చుంటే నీకే తెలుస్తుంది.

జట్టు ఇరవై మందితో మొదలైనా పరీక్షలు వచ్చేసరికి ఆరుగురు మిగులుతారు. నిరాశ పడకు, వాగుకు ఆరుగురు చాలు. చదువైపోయి మీరు వెళ్లేలోపు మొదటి సంవత్సరం పిల్లలకు నోటుబుక్కు అప్పగించే ఏర్పాటు ఇప్పుడే చేయండి. సెలవుల్లో రా. నా దగ్గర ఈ మండలాల చెరువుల పాత పటం ఒకటుంది, దాని మీద ఎక్కడి నుంచి నడక మొదలుపెట్టాలో గీసి ఇస్తాను. బస్సు దిగి ఫోన్ చెయ్యి, లింగంపేట దాకా నేనే వస్తాను.

నీ తాత