మట్టిలోని జీవులు ఏమి తినుచున్నవి?

2015లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన పథకము క్రింద రైతులకు భూసార పరీక్షా పత్రములు లభించినవి. నత్రజని, భాస్వరము, పొటాషు, సేంద్రియ కర్బనము మొదలగు 12 అంశములు అందు ఉండును. కాని ఆ కర్బనమును కుళ్ళింపజేసి పైరుకు అందించు సూక్ష్మజీవులు పనిలో నున్నవో, మందగించినవో పత్రము చెప్పదు. గాదెలో ధాన్యమెంతయో వ్రాసికొన్నంత మాత్రమున ఇంటిల్లిపాది ఆకలి తెలియునా?

ఈ జీవులను లెక్కించుట కంటె, వాటి ముందు ఆహారము పెట్టి చూచు మార్గమును 1991లో గార్లండ్, మిల్స్ అను అమెరికా శాస్త్రజ్ఞులు చూపిరి. నేడు ఇందుకు ఎకోప్లేట్ అను పళ్ళెమును వాడుచున్నారు. పళ్ళెమనగా అన్నము తినునది కాదు. అరచేతి పాటి పలక, అందు 96 చిన్న గుంటలు. చక్కెరలు, అమైనో ఆమ్లములు మొదలగు 31 ఆహారములు మూడేసి గుంటలలో ఉండును. తక్కిన మూడింటిలో ఆహారమేమియు ఉండదు, పోలికకే అవి.

మట్టిని నీటిలో కలిపి, పలుచన చేసి, అన్ని గుంటలలోను సమానముగా పోయుదురు. జీవులు ఆహారమును తిని శ్వాసించినచో, అందు ముందే ఉంచిన టెట్రజోలియము ఊదారంగుగా మారును. ఆ రంగు చిక్కదనమును కొన్ని దినములపాటు యంత్రముతో కొలుతురు. ఏ గుంట ముందు రంగెక్కినది, ఏది ఎక్కనే లేదు అనునది చూచి, ఆ మట్టిలోని జీవులకు ఏ ఆహారము సరిపడునో గ్రహింతురు.

ఇందొక చిక్కు కలదు. త్వరగా పెరుగు బాక్టీరియాలే ఇందు బయటపడును. బూజు జాతులు లెక్కకు రావు. మట్టి ఎక్కువైనను రంగు త్వరగా వచ్చును. కావున ఎవరైన ఒక పళ్ళెమును చూపి, తమ పొడితో మట్టికి జీవము వచ్చినదని చెప్పినచో, పంచాయతీ సొమ్ము వెచ్చింపకముందే “పొడి వేయని మట్టి పళ్ళెమేది?” అని సభ్యులు అడుగవలెనని మా మనవి.

ప్రయోగశాల లేకయే చేయదగిన పరీక్షయు ఒకటి కలదు. నూలు గుడ్డలో అధికభాగము సెల్యులోజు. గడ్డిలోను, చొప్పలోను విస్తారముగా నుండునది అదియే. ఆరిన గుడ్డముక్కలను తూచి, వరికొయ్యలు కాల్చిన పొలమున మూడు, కాల్చక దున్నిన పొలమున మూడు, నాలుగంగుళముల లోతున పాతవలెను. రెండు నెలల పిదప తీసి, మన్ను కడిగి, ఆరబెట్టి మరల తూచవలెను. తరుగు ఎక్కువైన చోట గడ్డిని కుళ్ళింపజేయు జీవులు చురుకుగా నున్నవని తలపవచ్చును. రెండు పొలములకును తడి ఒకేరీతిగా నుండవలెను. ముక్కలన్నియు ఒకే తానునుండి కత్తిరింపవలెను. పాలియెస్టరు కలిసిన గుడ్డ పనికిరాదు. ఆ పోగు కుళ్ళదు.