గాయత్రి గోపీచంద్: బ్యాడ్మింటన్ కుటుంబం నుంచి ముందు కోర్టు దాకా

పరిచయం

పుల్లెల గాయత్రి గోపీచంద్ భారత మహిళల డబుల్స్ బ్యాడ్మింటన్ క్రీడాకారిణి. 2003 మార్చి 4న హైదరాబాద్‌లో జన్మించారు. తండ్రి పుల్లెల గోపీచంద్ 2001 ఆల్ ఇంగ్లండ్ పురుషుల సింగిల్స్ విజేత. తల్లి పి.వి.వి. లక్ష్మి 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో భారత్ తరఫున ఆడారు. తమ్ముడు సాయి విష్ణు కూడా ఇదే క్రీడలో ఉన్నాడు. కేరళకు చెందిన ట్రీసా జాలీ గాయత్రి భాగస్వామి.

తండ్రి ఘనతలు, కూతురి ఘనతలు ఆల్ ఇంగ్లండ్ అనే ఒకే టోర్నమెంట్ చుట్టూ, బర్మింగ్‌హామ్ అనే ఒకే నగరం చుట్టూ తిరుగుతాయి. పోటీ పరీక్షల జతపరిచే ప్రశ్నల్లో అభ్యర్థులు తడబడేది ఇక్కడే. కాబట్టి కుటుంబ పరంపరను, గాయత్రి సొంత ప్రస్థానాన్ని విడివిడిగా చదువుకోవాలి.

నేపథ్యం: నాగండ్ల నుంచి గచ్చిబౌలి

గోపీచంద్ 1973 నవంబరు 16న ప్రకాశం జిల్లా నాగండ్లలో జన్మించారు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో ప్రకాశంగా పేరు మారిన జిల్లా ఇది. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్వ్యవస్థీకరణతో ఇంకొల్లు మండలంలోని నాగండ్ల బాపట్ల జిల్లా పరిధిలోకి వచ్చింది. 'గోపీచంద్ జన్మించిన జిల్లా' అని అడిగితే ప్రకాశం, 'ఆ గ్రామం ప్రస్తుతం ఉన్న జిల్లా' అని అడిగితే బాపట్ల సరైన జవాబు.

పర్చూరు, ఇంకొల్లు ప్రాంతం నల్లరేగడి మైదానం. పత్తి, మిరప, పొగాకు, శనగ ఇక్కడి పంటలు. ఇలాంటి పల్లెల్లో ఆరుబయట నేల మీద ఆడుకోవడానికి వీలైనది ఉన్ని బంతితో ఆడే బాల్ బ్యాడ్మింటన్. షటిల్ బ్యాడ్మింటన్ సంగతి వేరు. 16 ఈకలతో 4.74 నుంచి 5.50 గ్రాముల బరువు ఉండే షటిల్ చిన్న గాలి తగిలినా దారి తప్పుతుంది. ఎత్తైన పైకప్పు, గాలి చొరబడని గోడలు ఉంటే తప్ప అసలైన సాధన సాగదు. అందువల్ల ఈ మైదానం నుంచి వచ్చిన క్రీడాకారులకు వలస తప్పలేదు. గుంటూరుకు చెందిన కిదాంబి శ్రీకాంత్, అన్న నందగోపాల్ విశాఖపట్నం, ఖమ్మం మీదుగా హైదరాబాద్ అకాడమీకి చేరారు. అంతకు ముందు తరంలో గోపీచంద్ హైదరాబాద్‌లో ఎస్.ఎం. ఆరిఫ్ వద్ద, తరువాత బెంగళూరులో ప్రకాశ్ పదుకోన్ అకాడమీలో శిక్షణ పొందారు.

1994లో మోకాలి గాయం గోపీచంద్ క్రీడా జీవితాన్ని దాదాపు ఆపేసినంత పని చేసింది. శస్త్రచికిత్సల తరువాత తిరిగి వచ్చి 1996 నుంచి 2000 వరకు వరుసగా 5 సార్లు జాతీయ ఛాంపియన్ అయ్యారు. 1998 కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ కాంస్యం సాధించారు. 2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను 15-12, 15-6 తేడాతో ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. 1980లో ప్రకాశ్ పదుకోన్ తరువాత ఈ టైటిల్ నెగ్గిన రెండో భారతీయుడు ఆయనే. పురస్కారాల క్రమం: 1999 అర్జున, 2000-01 సంవత్సరానికి రాజీవ్ గాంధీ ఖేల్ రత్న, 2005 పద్మశ్రీ, 2009 ద్రోణాచార్య, 2014 పద్మభూషణ్. ఇందులో ద్రోణాచార్య శిక్షకుడిగా వచ్చినదని గుర్తించాలి.

శిక్షకుడిగా ఆయన చేసిన పని ఆటగాడిగా చేసినదానికంటే పెద్దది. గచ్చిబౌలిలో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన 5 ఎకరాల స్థలంలో, సొంత ఇల్లు తాకట్టు పెట్టి, పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ ఆర్థిక సహకారంతో నిర్మించిన అకాడమీ 2008లో ప్రారంభమైంది. 2012 లండన్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం, 2016 రియోలో పి.వి. సింధు రజతం ఈ శిక్షణ ఫలితాలే. గాయత్రి పెరిగింది ఈ కోర్టుల పక్కనే. తండ్రి తరం ఊరు విడిచి వెతుక్కున్న ఇండోర్ కోర్టు ఆమెకు పుట్టినింట్లోనే దొరికింది. ఈ అనుకూలతను తక్కువ చేసి చూపడం సరికాదు.

డబుల్స్: నిర్వచనాలు, కొలతలు

బ్యాడ్మింటన్ కోర్టు పొడవు 13.40 మీటర్లు. వెడల్పు డబుల్స్‌లో 6.10, సింగిల్స్‌లో 5.18 మీటర్లు. నెట్ ఎత్తు స్తంభాల వద్ద 1.55, మధ్యలో 1.524 మీటర్లు. నెట్ నుంచి 1.98 మీటర్ల దూరంలో షార్ట్ సర్వీస్ గీత ఉంటుంది. సర్వీస్ చేసే క్షణంలో షటిల్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల లోపే ఉండాలనే నిబంధన 2018 నుంచి అమలులోకి వచ్చింది.

డబుల్స్‌లో జోడీ నిలబడే తీరు ప్రధానంగా 2 విధాలు. రక్షణలో ఇద్దరూ పక్కపక్కన నిలుస్తారు. దాడిలో ఒకరు ముందు, ఒకరు వెనుక ఉంటారు. ఐస్ హాకీ, ఫీల్డ్ హాకీలలో ప్రత్యర్థి గోల్ మీద ఒత్తిడి పెట్టే ఫార్వర్డ్ చేసే పనిని డబుల్స్‌లో ముందు కోర్టు క్రీడాకారిణి చేస్తుంది. ర్యాలీలో స్థానాలు మారుతూనే ఉంటాయి. అయినా ఈ జోడీలో ట్రీసా బలం వెనుక నుంచి కొట్టే స్మాష్, గాయత్రి బలం నెట్ దగ్గరి ఆట.

ముందు కోర్టు పనిని దగ్గరగా చూస్తే అందులోని కష్టం తెలుస్తుంది. గాయత్రి షార్ట్ సర్వీస్ గీత చుట్టుపక్కల మోకాళ్లు వంచి నిలబడుతుంది. రాకెట్ తల నెట్ టేపు కంటే పైన సిద్ధంగా ఉండాలి. దించితే మళ్లీ ఎత్తే సమయం దొరకదు. వెనుక నుంచి ట్రీసా స్మాష్ కొట్టడం ఆమెకు కనిపించదు. వెనక్కి తిరిగి చూడకుండా చప్పుడు, ప్రత్యర్థి రాకెట్ కోణం ఆధారంగా షటిల్ ఎటు తిరిగి వస్తుందో ముందే పసిగట్టాలి. ప్రత్యర్థి బలహీనంగా తిప్పిన షటిల్ నెట్ దాటగానే, పైకి లేవకముందే చిన్న మణికట్టు విసురుతో కిందికి కొట్టాలి. ఇక్కడ ఒక నియమం ఉంది. షటిల్ ఇంకా అవతలి వైపే ఉండగా నెట్ మీదుగా రాకెట్ చాచి కొడితే తప్పిదం. తన వైపు షటిల్‌ను తాకిన తరువాత రాకెట్ నెట్ మీదుగా అవతలికి వెళితే తప్పిదం కాదు. స్కోరు కార్డులో ఈ పని కనిపించదు. పాయింట్ ముగించిన స్మాష్‌ను అందరూ గుర్తుంచుకుంటారు, ఆ స్మాష్‌కు వీలుగా ప్రత్యర్థి షటిల్ ఎత్తేలా చేసిన నెట్ షాట్‌ను మరచిపోతారు.

ప్రస్థానం

గాయత్రి మొదట సింగిల్స్ ఆడారు. 2018 జకార్తా ఆసియా క్రీడల జట్టులో 15 ఏళ్ల వయసులో చోటు దక్కింది. తండ్రి జాతీయ చీఫ్ కోచ్‌గా ఉన్నందున ఎంపికపై ప్రశ్నలు వచ్చాయి. అవి అడగదగిన ప్రశ్నలే. బహిరంగ పదవిలో ఉన్నవారి పిల్లల విషయంలో అడగకపోవడమే తప్పు. 2019 దక్షిణాసియా క్రీడల్లో నేపాల్‌లోని పోఖరాలో టీమ్ స్వర్ణం, సింగిల్స్ రజతం గెలిచారు. ఫైనల్లో ఆమెను ఓడించినది భారత్‌కే చెందిన అష్మితా చాలిహా.

2021లో ట్రీసా జాలీతో జోడీ కట్టడం మలుపు. ట్రీసా 2003 మే 27న జన్మించారు. స్వస్థలం కన్నూరు జిల్లా చెరుపుళ. ఆమె తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. 2022 జనవరిలో లక్నో సయ్యద్ మోదీ టోర్నమెంట్ ఫైనల్లో ఓడినా, అదే నెల కటక్‌లో ఒడిశా ఓపెన్ సూపర్ 100 టైటిల్ గెలిచారు.

2022 మార్చి ఆల్ ఇంగ్లండ్ ఈ ప్రస్థానంలో అత్యంత ముఖ్యమైన ఘట్టం. ఈ జోడీకి మొదట ప్రధాన డ్రాలో చోటు లేదు, రిజర్వ్ జాబితాలో ఉన్నారు. ఇతరులు వైదొలగడంతో ప్రవేశం దొరికింది. క్వార్టర్ ఫైనల్లో ఎదురైనది 2వ సీడ్ దక్షిణ కొరియా జోడీ లీ సో హీ, షిన్ సూంగ్ చాన్. మొదటి గేమ్ 14-21తో పోయింది. రెండోది 22-20తో గట్టెక్కారు, మూడోది 21-15తో ముగించారు. ఈ టోర్నమెంట్‌లో సెమీఫైనల్ చేరిన తొలి భారత మహిళల డబుల్స్ జోడీగా నిలిచారు. సెమీస్‌లో చైనాకు చెందిన ఝాంగ్ షుషియాన్, ఝెంగ్ యు చేతిలో ఓడారు. 2018 నాటి ప్రశ్నలకు ఇంతకంటే సూటి జవాబు ఉండదు. 22-20 దగ్గర కోచ్ కూతురికి అదనంగా ఒక పాయింట్ ఇచ్చే అంపైర్ ఎవరూ లేరు.

2023లో మళ్లీ ఆల్ ఇంగ్లండ్ సెమీస్ చేరి, కొరియాకు చెందిన బేక్ హా నా, లీ సో హీ చేతిలో ఓడారు. 2024 సింగపూర్ ఓపెన్‌లో ఇదే కొరియా జోడీని ఓడించి సెమీఫైనల్ దాకా వెళ్లారు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మహిళల డబుల్స్ కాంస్యం, మిశ్రమ టీమ్ రజతం దక్కాయి. 2024 డిసెంబరు 1న సయ్యద్ మోదీ సూపర్ 300 టైటిల్‌ను చైనా జోడీ బావో లి జింగ్, లి చియాన్‌పై 21-18, 21-11తో గెలిచారు. ఆ టోర్నమెంట్‌లో మహిళల డబుల్స్ టైటిల్ నెగ్గిన తొలి భారత జోడీ ఇదే. 2025లో జపాన్ జోడీని ఓడించి టైటిల్ నిలబెట్టుకున్నారు. 2024 డిసెంబరులో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన వరల్డ్ టూర్ ఫైనల్స్‌కు భారత్ నుంచి అర్హత పొందినది ఈ జోడీ మాత్రమే. అక్కడ గ్రూప్ దశ దాటలేదు. 2025లో ప్రపంచ ర్యాంకింగ్‌లో తొలి 10 స్థానాల్లోకి వచ్చారు.

ప్రాధాన్యం

భారత బ్యాడ్మింటన్ చాలాకాలం సింగిల్స్ మీదే నడిచింది. మహిళల డబుల్స్‌లో గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప జోడీ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం, 2011 లండన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం గెలిచాక ఆ స్థాయి జోడీ మళ్లీ రావడానికి ఏళ్లు పట్టింది. జ్వాల కూడా ఎస్.ఎం. ఆరిఫ్ శిష్యురాలే. అంటే హైదరాబాద్‌లో ఒకే గురువు శిక్షణ నుంచి రెండు తరాల డబుల్స్‌కు దారి ఏర్పడింది: ఒకటి నేరుగా జ్వాల ద్వారా, మరొకటి గోపీచంద్ ద్వారా.

డబుల్స్ లోటు ఎక్కువగా బాధించేది టీమ్ పోటీల్లో. మహిళల టీమ్ టోర్నమెంట్ ఉబర్ కప్ తరహా పోటీలో మొత్తం 5 మ్యాచ్‌లలో 3 సింగిల్స్, 2 డబుల్స్. డబుల్స్ రెండూ వదులుకునే జట్టు 3 సింగిల్స్‌నూ గెలవాల్సిందే. 2024 ఫిబ్రవరిలో మలేసియాలోని షా ఆలంలో జరిగిన ఆసియా టీమ్ ఛాంపియన్‌షిప్ దీనికి ఉదాహరణ. సెమీస్‌లో జపాన్‌ను, 18న జరిగిన ఫైనల్లో థాయిలాండ్‌ను భారత మహిళలు 3-2 తేడాతోనే ఓడించారు. సెమీస్, ఫైనల్ రెండింటిలోనూ మొదటి డబుల్స్ పాయింట్ తెచ్చినది ట్రీసా, గాయత్రి. ఫైనల్లో సింధు తొలి పాయింట్, ఈ జోడీ రెండో పాయింట్ అందించగా, నిర్ణాయక ఐదో మ్యాచ్‌ను అన్మోల్ ఖర్బ్ గెలిచింది. ఈ పోటీలో భారత్‌కు ఇదే తొలి స్వర్ణం. పోటీ పరీక్షల్లో అన్మోల్ పేరు ఒక్కటే అడిగే అవకాశం ఉంది. ఆ ఐదో మ్యాచ్ దాకా జట్టును నిలిపిన డబుల్స్ పాయింట్‌ను కూడా తప్పక గుర్తుంచుకోవాలి.

క్రీడా కుటుంబాలు

తెలుగు క్రీడారంగంలో ఇలాంటి కుటుంబాలను 2 రకాలుగా చూడవచ్చు. తల్లిదండ్రులు ఒక ఆట, పిల్లలు మరో ఆట ఆడేవి మొదటి రకం. సింధు తండ్రి పి.వి. రమణ, తల్లి విజయ వాలీబాల్ క్రీడాకారులు. రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు సభ్యుడు. తరం మారినా ఆట మారనివి రెండో రకం. అమలాపురానికి చెందిన సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు, మాజీ బ్యాడ్మింటన్ క్రీడాకారుడు. గోపీచంద్ కుటుంబం కూడా ఈ కోవలోనిదే. ఇందులో తల్లి లక్ష్మి పాత్రను చాలా పుస్తకాలు ఒక వాక్యంతో దాటేస్తాయి. ఆమె స్వయంగా ఒలింపియన్, జాతీయ ఛాంపియన్. 'ఒలింపిక్స్‌లో ఆడిన దంపతులు' అనే ప్రశ్నలో 1996 అట్లాంటా లక్ష్మిది, 2000 సిడ్నీ గోపీచంద్‌ది.

పొరబడే అంశాలు

గోపీచంద్ ఫైనల్ స్కోరు 15లలో, గాయత్రి స్కోర్లు 21లలో ఉండటం చూసి అచ్చుతప్పు అనుకోకూడదు. 2001 నాటి విధానంలో సర్వీస్ చేసినవారికే పాయింట్ దక్కేది. ప్రతి ర్యాలీకి పాయింట్ ఇచ్చే 21 పాయింట్ల విధానం 2006లో వచ్చింది.

2022లో బర్మింగ్‌హామ్ రెండుసార్లు వస్తుంది. మార్చిలో ఆల్ ఇంగ్లండ్ సెమీఫైనల్, జులై 28 నుంచి ఆగస్టు 8 వరకు జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో డబుల్స్ కాంస్యం. మొదటిది వరల్డ్ టూర్‌లో సూపర్ 1000 స్థాయి పోటీ, సెమీస్‌లో ఓడినవారికి అక్కడ పతకం ఉండదు. రెండోది బహుళ క్రీడోత్సవం, సెమీస్‌లో ఓడిన జోడీలు కాంస్యం కోసం మళ్లీ తలపడతాయి. ట్రీసా, గాయత్రి ఆస్ట్రేలియా జోడీపై గెలిచింది ఆ మ్యాచే.

సయ్యద్ మోదీ టోర్నమెంట్ 1982 కామన్వెల్త్ క్రీడల సింగిల్స్ స్వర్ణ విజేత పేరిట లక్నోలో జరుగుతుంది. మోదీ 8 సార్లు జాతీయ ఛాంపియన్, 1988 జులై 28న హత్యకు గురయ్యారు.

ఆల్ ఇంగ్లండ్‌లో టైటిల్ గెలిచిన భారతీయులు పదుకోన్ (1980), గోపీచంద్ (2001). ప్రకాశ్‌నాథ్ (1947), సైనా (2015), లక్ష్యసేన్ (2022) ఫైనల్లో ఓడారు. లక్ష్యసేన్ ఫైనల్ ఆడిన 2022 టోర్నమెంట్‌లోనే గాయత్రి జోడీ సెమీస్ ఆడింది.