స్టూలు వేస్తే ఎక్కిన కారు

సమస్య

బుక్ చేసిన కొత్త కారు చెప్పిన తేదీకి రాకపోతే ఇంకా ఆగాలా, రద్దు చేసుకుని దొరికిన బండి తీసుకోవాలా అన్నది తరిగొప్పుల మండలం నుంచి వచ్చిన ఉత్తరంలోని ప్రశ్న. రాసినాయన నలభై దాటిన రైతు. ఊళ్లో నాలుగెకరాలు, దాంతోపాటు చిన్న ఎరువుల దుకాణం. తండ్రి పోయి ఆరేళ్లయింది. తల్లికి రెండు మోకాళ్లూ అరిగాయి, జనగామలో చూపిస్తున్నారు. తమ్ముడికి హైదరాబాద్‌లో ఉద్యోగం. అమ్మను ఆస్పత్రికి, గుడికి తిప్పడానికని అన్నదమ్ములు చెరిసగం వేసుకుని పెద్ద కారు కొనాలనుకున్నారు. 2025 దసరా దాటగానే 21 వేలు కట్టి, తమ్ముడు కోరినట్టు సన్‌రూఫ్ ఉన్న టాప్ మోడల్ బుక్ చేశారు.

సంక్రాంతికి ఇస్తామన్నారు. ఆ తర్వాత మేడారం జాతరకన్నారు. జాతర కూడా అయిపోయాక ఉగాది దాటాక చూద్దామంటున్నారు. ఈలోగా ఎక్స్ఛేంజ్ బోనస్ నెలాఖరుతో పోతుందని చెబితే పాత కారును నవంబరులోనే షోరూముకు అప్పజెప్పేశారు. అప్పటినుంచి తల్లి ఆస్పత్రికి బైకు వెనక కూర్చుని పోతోంది, లేదంటే ఆటోలో. అదే షోరూములో సన్‌రూఫ్ లేని రకం సిద్ధంగా ఉంది. ఇంకో కంపెనీ బండి వారంలో వస్తుంది. తమ్ముడు ఆగుదామంటాడు, భార్య వద్దంటుంది. ఏం చేయాలన్నది ప్రశ్న.

నాలుగు పేజీల ఉత్తరంలో తల్లి ప్రస్తావన ఒక్కచోటే కాస్త వివరంగా ఉంది: "బుక్ చేసిన రోజు అమ్మను కూడా తీసుకపోయినం. ఎక్కరాకపోతే షోరూం పిలగాడు ప్లాస్టిక్ స్టూల్ తెచ్చి వేసిండు. ఎక్కి కూసున్నది. ఎట్లున్నదమ్మా అంటే, నీ ఇష్టం బిడ్డా అన్నది. అమ్మకు నచ్చినంకనే పైసలు కట్టినం."

సలహా

ఆగడమా మానడమా అన్న లెక్క ముందుగా చూడదగినదే. బండి కోసం ఎదురుచూడటం తెలుగువారికి కొత్త కాదు. బజాజ్ చేతక్ స్కూటరు కోసం ఏళ్ల తరబడి వరుసలో ఉన్న తరం ఇంకా బతికే ఉంది. 1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా కొనుగోలుదారుకు అందాయి. ఆ కారు కోసం జనం డిపాజిట్లు కట్టి తమ వంతు కోసం కాచుకున్నారు. అప్పట్లో వేరే దారి లేదు. 2021లో మళ్లీ అలాంటి రోజులే వచ్చాయి, ఈసారి చిప్‌ల కొరత వల్ల. ఆ ఏడాది అక్టోబరు 7న మహీంద్రా ఎక్స్‌యూవీ700 బుకింగులు తెరిస్తే 57 నిమిషాల్లో 25 వేల ఆర్డర్లు వచ్చాయి. కొన్ని రకాలకు ఏడాది దాటి ఆగాల్సి వచ్చింది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారడంతో మరోసారి గిరాకీ పెరిగింది. పొడవు నాలుగు మీటర్లు మించకుండా, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించని ఇంజను ఉన్న కార్ల పన్ను 18 శాతానికి దిగింది. వాటికన్నా పెద్దవాటికి సెస్సు పోయి మొత్తం పన్ను 40 శాతమైంది. ధర తగ్గేదాకా ఆగినవాళ్లంతా ఒక్కసారిగా షోరూములకు వచ్చారు.

ఆలస్యమైన బుకింగులో చూసుకోవలసినవి కొద్దే. బండికి అలాట్‌మెంట్ అయిందా, చాసిస్ నంబరు వచ్చిందా అని షోరూమును రాతపూర్వకంగా అడగాలి. నంబరు రాలేదంటే వాళ్లు చెప్పే తేదీ నోటిమాట మాత్రమే. బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాల్లో డెలివరీ నాటి ధరే వర్తిస్తుందని సాధారణంగా ఉంటుంది. కంపెనీలు తరచూ జనవరిలో ధర పెంచుతాయి కాబట్టి అక్టోబరులో విన్న ధరను నమ్ముకోకూడదు. ఆలస్యంగా వచ్చిన బండిని ఏ నెలలో తయారుచేశారో కూడా చూడాలి. డిసెంబరులో తయారైంది జనవరి తర్వాత చేతికొస్తే, రేపు అమ్మేటప్పుడు ఒక ఏడాది పాతదిగా లెక్కకొస్తుంది. కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తానుండే జిల్లా పరిధిలోని కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు.

అన్నదమ్ముల ఉమ్మడి బండి కాబట్టి రిజిస్ట్రేషన్ సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. తమ్ముడి పేరున ఇప్పటికే కారు ఉంటే, తెలంగాణలో రెండో సొంత వాహనానికి జీవితకాల పన్ను 2 శాతం అదనం. ఊళ్లో ఉండేది, తిరిగేది జనగామ జిల్లాలోనే కాబట్టి టీజీ 27 నంబరుతో అన్న పేరున ఉండటమే సబబు. అంతకన్నా తొందర పని మరొకటుంది. నవంబరులో ఇచ్చేసిన పాత కారు ఆర్సీ ఎవరి పేరుకు మారిందో వెంటనే చూసుకోవాలి. అమ్మేసినా ఆర్సీ మారనంతవరకు ప్రమాదం జరిగితే బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది.

ఇంతవరకు ఏ షోరూములోనైనా, ఏ మిత్రుడైనా చెప్పగలిగినదే. ఉత్తరంలో ఆగి చూడవలసినది ప్లాస్టిక్ స్టూలు. దాన్ని తల్లి ఆమోదానికి సాక్ష్యంగా ఉత్తరంలో రాశారు. నిజానికి ఆ కారు ఆమెకు పనికిరాదని చెప్పిన వస్తువు అదొక్కటే. షోరూములో స్టూలు వేయడానికి కుర్రాడున్నాడు. ఆస్పత్రి గేటు ముందు ఎవరు వేస్తారు? కొమురవెల్లిలో మల్లన్న గుడి ముందు, అంత జనంలో ఎవరు వేస్తారు? అమ్మ కోసం కొంటున్న కారు అమ్మ ఎక్కలేనిదని ఆ రోజే తెలిసింది. అక్కడున్నవాళ్లందరూ చూశారు, ఎవరూ పట్టించుకోలేదు. ఇది పొరపాటు, పైగా చిన్నది కాదు.

అరిగిన మోకాలికి ఎత్తు ఎంత కష్టమో సరిగ్గా తెలుసుకోవడం అవసరం. మెట్టు ఎక్కేటప్పుడు శరీరం మొత్తాన్ని ఒంటికాలి మీద పైకి లేపాలి. మోకాలు ఎంత లోతుగా వంగితే కీలు మీద అంత ఒత్తిడి. మామూలు మెట్లు ఎక్కేటప్పుడే ఆ ఒత్తిడి శరీర బరువుకు సుమారు మూడింతలు ఉంటుంది. ఎస్‌యూవీ లాంటి పెద్ద కారు నేల, రోడ్డు నుంచి మామూలు మెట్టు కన్నా చాలా ఎత్తున ఉంటుంది. పైగా పక్కకు తిరిగి, తల వంచి, ఒక కాలు లోపల పెట్టి, రెండో కాలు బయట ఉండగానే లేవాలి. చీరకట్టులో ఉన్న మనిషికి అడుగు బారుగా సాగదు. కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుంటే ఆసరాకు మిగిలేది ఇంకొక చెయ్యే. దిగడం మరీ కష్టం. నేల ఎక్కడుందో కనిపించకుండా కాలు కిందికి జారవిడవాలి. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు టికెట్టు లేదు. అయినా ఈ తల్లి బస్సెక్కకుండా ఆటో కోసం చూస్తోందంటే, బస్సు మొదటి మెట్టు ఎత్తే కారణమై ఉంటుంది. ఆ మెట్టునే కొడుకులు లక్షలు పోసి ఇంటికి తెస్తున్నారు.

మరీ కింద ఉండే కార్లు కూడా ఇలాంటివారికి మంచివి కావు. వాటిలో కూర్చోవడం తేలికే, లేవడమే నరకం. కూర్చునే సీటు తుంటికి కాస్త కిందగా, తొడల ఎత్తులో ఉండాలి. పరీక్ష సులువు. తలుపు తెరిచి, మనిషి సీటుకు వీపు పెట్టి నిలబడాలి. మోకాళ్లు పెద్దగా వంచకుండా సీటు అంచు మీద కూర్చోగలగాలి. ఆ తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. అలా కూర్చోగలిగితే ఆ కారు ఆమెకు సరిపోతుంది. వ్యాగనార్ లాంటి, పైకప్పు ఎత్తుగా ఉండి నేల మరీ ఎత్తున లేని చిన్న కార్లు ముసలివాళ్లకు నప్పేది ఇందుకే. తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుంది, పట్టుకోవడానికి పైన పిడి ఉందా అన్నవి కూడా చూడాలి. పెద్ద కారుకు పక్కన ఫుట్‌బోర్డు బిగిస్తే కొంత మేలే. కానీ ఆ పట్టీ సన్నగా ఉంటుంది, వానకు జారుతుంది. అది తల్లికి పనికొస్తుందో లేదో బిగించిన బండి మీద ఆమె ఎక్కి దిగితేనే తెలుస్తుంది. ఈ పరీక్షలో సన్‌రూఫ్‌కు ఏ పాత్రా లేదు.

ఇక "నీ ఇష్టం బిడ్డా" అన్న మాట. దాన్ని ఒప్పుకోలుగా తీసుకోవడం తెలుగిళ్లలో ఎంతో కాలంగా జరుగుతున్న అన్యాయం. భర్త ఉన్నన్నాళ్లు ఇంట్లో పత్తి ఎప్పుడు అమ్మాలో, బర్రెను ఎవరికివ్వాలో చెప్పిన మనిషే, ఆయన పోయాక నోరు కట్టుకుంటుంది. సంపాదన కొడుకులది, మాట కొడుకులది అని తనకు తానే ఒక గీత గీసుకుంటుంది. కోడలి ముందు అంటే ఏమైనా అనుకుంటుందేమోనని, పెద్దకొడుకు ముందు అంటే చిన్నవాడు నొచ్చుకుంటాడేమోనని భయం. ఆ భయాలన్నీ కలిపితే వచ్చే మాట "నీ ఇష్టం". అందులో ఆమె ఇష్టం ఏదో ఎక్కడా లేదు.

ఇదే తీరు కారుతో ఆగదు. కొత్త ఇల్లు కట్టినప్పుడు అమ్మ గది వెనకవైపు పడుతుంది, బాత్రూము మాత్రం ఇంకో కొసన ఉంటుంది. మెట్లకు గ్రానైట్ వస్తుంది, పట్టుకోవడానికి కడ్డీ రాదు. హాల్లోకి మెత్తటి సోఫా వస్తుంది, అందులో కూర్చున్న తల్లి లేవలేక మనవడి చెయ్యి కోసం చూస్తుంది. చివరికి వాకిట్లో తన పాత నులకమంచం మీదే ఉండిపోతుంది. అడిగితే గాలి బాగా వస్తుందంటుంది. వాటన్నిటికీ అమ్మను అడిగారనే కొడుకులు చెబుతారు, నిజంగా అడిగారు కూడా. కాకపోతే అడిగిన పద్ధతిలోనే జవాబు కూడా పెట్టేశారు. షోరూములో నలుగురి మధ్య, పూలదండ వేసిన కారులో కూర్చోబెట్టి ఎట్లున్నదని అడిగితే, వద్దనగలిగే తల్లి ఉండదు.

పెద్దవాళ్లను అడగవలసింది అభిప్రాయం కన్నా అనుభవం. నచ్చిందా అంటే మొహమాటం జవాబిస్తుంది. ఎక్కి దిగు, ఇంకోసారి ఎక్కు, ఏ కాలు నొస్తున్నదని అడిగితే ఒళ్లు జవాబిస్తుంది. అడగడం కూడా ఇంట్లో, ఇద్దరే ఉన్నప్పుడు, పని చేసుకుంటూ అడగాలి. మందు రాస్తూ కొడుకు అడిగే ప్రశ్నకు తల్లి చెప్పే జవాబు వేరుగా ఉంటుంది. ఈ ఉత్తరంలో వద్దన్న ఒక్క మనిషి కోడలు. ఆమె ఎందుకు వద్దంటోందో ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అత్తగారికి మోకాళ్లకు రోజూ కాపడం పెట్టేది ఆమే అయితే, ఆ కారణం ఆమెకు ముందే తెలిసి ఉంటుంది. ఆ మాట కూడా కూర్చోబెట్టి వినాలి.

తమ్ముడి తప్పు ఎక్కువేమీ లేదు. హైదరాబాద్ నుంచి పండక్కి వచ్చేవాడికి కారంటే పిల్లలు, దూర ప్రయాణాలు గుర్తొస్తాయి. సగం డబ్బు పెట్టినవాడికి మాట ఉండాల్సిందే. అయితే ఈ నెలల తరబడి ఎదురుచూపు భారం అతని మీద పడలేదు, అన్న మీద కూడా అంతగా పడలేదు. బైకు వెనక పక్కకు తిరిగి కూర్చుని, ఒక చేత్తో సీటు కమ్మీ, ఇంకో చేత్తో ఆస్పత్రి ఫైలు పట్టుకుని పోయిన మనిషి మీద పడింది. ఇంకా ఆగుదామని చెప్పే హక్కు ముందుగా ఆమెది. ఆమెను ఆ ప్రశ్న అడిగినట్టు ఉత్తరంలో లేదు.

అందువల్ల ఈ ఇంటివాళ్లు చేయవలసింది ఇది. ఉగాది దాకా ఆగకూడదు. ఈ వారంలో ఒకరోజు, పని లేని పూట, తల్లిని జనగామకు, అవసరమైతే హనుమకొండకు తీసుకెళ్లి మూడు నాలుగు రకాల కార్లలో ఎక్కించి దించాలి. స్టూలు తెస్తానన్న కుర్రాణ్ని మర్యాదగా వద్దనాలి. బుక్ చేసిన కారును ఫుట్‌బోర్డుతో ఆమె సాయం లేకుండా రెండుసార్లు ఎక్కి దిగగలిగితే, అదే బండిలో సిద్ధంగా ఉన్న రకాన్ని తీసుకోవాలి. ఎక్కలేకపోతే బుకింగు రద్దు చేసి, ఆమె ఎక్కగలిగిన బండి కొనాలి. అది చిన్నదైనా సరే, తమ్ముడి పిల్లలు ఇరుక్కుని కూర్చోవలసి వచ్చినా సరే. పాత కారు ఇంకా అమ్ముడుపోక షోరూములోనే ఉంటే దాన్ని వెనక్కి అడగడంలో నామోషీ లేదు.

కొత్త బండి వచ్చేదాకా ఆస్పత్రి రోజున కిరాయి కారు మాట్లాడాలి. బైకు ఆపేయాలి. కొత్త కారులోనే కొమురవెల్లి పోయి మొక్కు తీర్చాలని ఆ తల్లి అనుకున్నట్టు ఉత్తరం చివర ఉంది. మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలన్నీ నడుస్తుంది. తరిగొప్పులకు కొమురవెల్లి దూరమేమీ కాదు. వచ్చే ఆదివారం రద్దీకి ముందే, తెల్లవారుజామున, నేల ఎత్తు తక్కువున్న కారు ఒకటి కిరాయికి మాట్లాడుకుని ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్లవచ్చు. దారిలో ఎన్నిసార్లు దిగింది, దిగినప్పుడు దేన్ని పట్టుకుంది అన్నది పెద్దకొడుకు గమనించి, షోరూముకు పోయేముందు తమ్ముడికి ఫోను చేసి చెప్పాలి.